పది రోజుల కార్డు

2016 చివరికి వచ్చేసరికి హైమ నెట్ సెంటరులో ఉన్న పన్నెండు కంప్యూటర్లలో మూడో నాలుగో మాత్రమే వెలుగుతుండేవి. శ్రీకాకుళం పాలకొండ రోడ్డులో, భర్త మోహనకృష్ణ నడిపే నోటు పుస్తకాల దుకాణానికి పై అంతస్తులో ఆమె ఆ సెంటరును పదేళ్ళుగా నడుపుతోంది. పరీక్షల ఫలితాలు వచ్చే రోజున మెట్ల కింద దాకా వరస ఉండేది. ఇప్పుడు అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. ఆ ఏడాది నెట్ కూడా దాదాపు ఊరికే వచ్చింది. హాల్ టికెట్టు ప్రింటు కోసమో, ఆధార్ కాగితం జిరాక్సు కోసమో వచ్చేవాళ్ళు తప్ప మెట్లెక్కేవాళ్ళు లేరు.

హైమకు అప్పటికి ముప్పై తొమ్మిదేళ్ళు. పుట్టిల్లు విజయనగరం. తండ్రి అక్కడ గోనెసంచులు, పురికొస అమ్మేవాడు. బి.కాం. చదివింది. పెళ్ళయి వచ్చాక, అత్తవారింట్లో అందరూ దుకాణంలోనే ఉంటారు కాబట్టి తనకంటూ ఒక పని కావాలని పట్టుబట్టి మేడ మీద కంప్యూటర్లు పెట్టించుకుంది. మాట తక్కువ మనిషి. ఒక పద్ధతి పెట్టుకుందంటే దాన్ని సడలించడం ఆమెకు ఇష్టం ఉండదు. గంట దాటి ఐదు నిమిషాలు కూర్చున్నా రెండో గంట కట్టించుకునేదని కాలేజీ పిల్లలు ఆమెను గడియారం మేడం అనుకునేవారు. ఆ పేరు ఆమెకు తెలుసు. పట్టించుకోలేదు.

మిగిలిన కొద్దిమందిలో కూర్మయ్య ఒకడు. శ్రీకూర్మం వాడు, యాభై ఐదేళ్ళ వయసు, జీవిత బీమా ఏజెంటు. వారానికి రెండుసార్లు వచ్చి ప్రింట్లు తీయించుకునేవాడు. తీయించుకున్నాక కూడా వెళ్ళకుండా ఖాళీ క్యాబిన్లో కూర్చుని కాగితాలు సర్దుకుంటుండేవాడు. ఒకరోజు హైమ గంట రుసుము అడిగింది. కంప్యూటరు ముట్టుకోలేదు కదా అన్నాడతను. ముట్టుకోకపోయినా కుర్చీలో కూర్చున్నారు కదా అంది ఆమె. కూర్మయ్య తలూపాడు.

"అదీ నిజమేనమ్మా. అయితే కంప్యూటరు తీసీ. బల్ల సాలు నాకు. కుర్సీ, ఫేను, మంచినీళ్ళు. ఇంటికాడ మనవలు నా ఫారాల మీద బొమ్మలేసేస్తన్నారు. ఉత్త బల్లకెంతో సెప్పు."

ఉత్త బల్లకు హైమ దగ్గర ధర లేదు. నోటికొచ్చినట్టు గంటకు పది అంది. అతను మూడు గంటలు కూర్చుని ముప్పై రూపాయలిచ్చి వెళ్ళాడు. ఆ తరవాత వారం రోజులు హైమ అదే ఆలోచనలో ఉంది. ఊళ్ళో ఇలాంటివాళ్ళు ఇంకెంతమంది ఉన్నారు? ఆఫీసు అద్దెకు తీసుకునే స్తోమత లేక, ఇంట్లో పని సాగక, టీ బడ్డీల దగ్గరా బస్టాండు బెంచీల మీదా కాగితాలు పరుచుకునేవాళ్ళు.

వేసవిలో ఆమె వడ్రంగిని పిలిపించి క్యాబిన్ల అట్టగోడలు పీకించింది. పాత కంప్యూటర్లలో రెండు ఉంచి మిగతావి అమ్మేసింది. పన్నెండు బల్లలు, పన్నెండు కుర్చీలు, ప్రతి బల్ల కిందా ప్లగ్గు, మంచి ఇంటర్నెట్ లైను, కరెంటు పోతే నాలుగు గంటలు నిలిచే ఇన్వర్టరు. 2017 జూన్‌లో కొత్త బోర్డు కట్టింది. 'బల్ల, కుర్చీ, కరెంటు, నెట్' అని మాత్రం రాయించింది. దీన్ని పెద్ద ఊళ్ళలో కో-వర్కింగ్ స్పేస్ అంటారని ఆమెకు తెలుసు గాని ఆ పేరు పెడితే ఇక్కడ ఎవరికీ అర్థం కాదనుకుంది.

ధర దగ్గర ఆమె పెద్దగా ఆలోచించలేదు. కింద దుకాణంలో బేరమాడడం ఉండదు. మోహనకృష్ణ తండ్రి కాలం నుంచీ ఒకటే ధర. మేడ మీదా అలాగే ఉంటే మనసుకు హాయిగా ఉంటుందని మోహనకృష్ణ అన్నాడు. కరెంటు, నెట్, ఊడ్చే మనిషి జీతం, బ్యాటరీల అరుగుదల అన్నీ కలిపి, పన్నెండుతో భాగించి, కొంత పైన వేసి, బల్లకు నెలకు పదిహేను వందలు అని నిర్ణయించింది. నెల కడితే నెలంతా రావచ్చు. అంతకు తక్కువకు ఎవరినీ కూర్చోనివ్వదు. కట్టినవాళ్ళ పేరు మీద ఒక కార్డు ఇస్తుంది.

మొదటి నెల ఏడుగురు కట్టారు. కూర్మయ్య అందులో ఉన్నాడు. ప్రదీప్ అని ముప్పై ఏళ్ళ కుర్రాడు, చిన్న వ్యాపారుల పన్నుల కాగితాలు చూసేవాడు, వచ్చి కిటికీ పక్క బల్ల తీసుకున్నాడు. జీఎస్టీ అప్పుడే మొదలైంది, అతనికి చేతినిండా పని ఉంది. ఆఖరుగా చేరింది తవిటమ్మ.

తవిటమ్మకు ఇరవై ఏడేళ్ళు. కళింగపట్నం దారిలో ఒక పల్లె. భర్తకు రెండెకరాల పొలం ఉంది. ఆమె పెళ్ళికి ముందు డిగ్రీ చదివి తెలుగు టైపు నేర్చుకుంది. విజయవాడలో పోటీ పరీక్షల గైడ్లు అచ్చువేసే ఒకాయన చేతిరాత ప్రతులు ఫోన్లో పంపితే వాటిని టైపు చేసి పేజీకి ఇంత అని తీసుకునేది. ఆమె దగ్గరున్న పాత లాప్‌టాప్ బ్యాటరీ చచ్చిపోయింది. కరెంటు పోయిన క్షణాన అదీ ఆగిపోతుంది. పల్లెలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. అందుకని బస్సెక్కి శ్రీకాకుళం వచ్చి పదిహేను వందలు కట్టింది. ఎవరితోనూ మాట్లాడేది కాదు. గోడ వైపు తిరిగి కూర్చుని ఆగకుండా టైపు చేసేది.

ఆగస్టులో తొమ్మిది రోజులు వచ్చి మానేసింది. నెలాఖరుకు మూడు రోజుల ముందు మళ్ళీ కనిపించింది. అరచేతుల మీద బురద మరకలు ఇంకా పోలేదు. పొలంలో ఉభాలు పడ్డాయని, నాట్లు వేయడానికి మనుషులు దొరక్క ఇంటిల్లిపాదీ దిగారని చెప్పింది. తరవాత అసలు సంగతి అడిగింది.

"పదేడు రోజులు నాను రానేదు కదండి. మా తోటికోడలు కూడా టైపు నేర్సింది. ఆ రోజులకి దాన్ని కూసోబెట్టనా? వచ్చీ నెల కూడా పొలం పనే ఉన్నాది నాకు."

డబ్బు వెనక్కి ఇమ్మని ఆమె అడగలేదు. హైమ ఆ తేడా తరవాత ఎప్పుడో గాని గమనించలేదు. అప్పటికి ఆమెకు వినిపించింది ఒక్కటే, పద్ధతి సడలించమంటున్నారని. కార్డు నీ పేరు మీద ఉందని, ఆ నెలకే చెల్లుతుందని, ఒకరిది ఒకరికి ఇస్తే రేపు అందరూ అదే అడుగుతారని చెప్పింది.

"అడిగితే ఏటవుద్దండి?" అంది తవిటమ్మ.

అందులో ఎదిరింపు లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టుంది. హైమ పద్ధతి పద్ధతే అంది. తవిటమ్మ లాప్‌టాప్ వైరు చుట్టి సంచిలో పెట్టుకుని మెట్లు దిగిపోయింది. ఆ తరవాత రాలేదు.

సెప్టెంబరు మొదట్లో కూర్మయ్య కూడా మానేశాడు. కోపం లేకుండానే చెప్పాడు. తను నెలకు పది రోజులే కూర్చుంటాడట. మిగతా రోజులు పలాస, టెక్కలి, సోంపేట వైపు ఊళ్ళు తిరుగుతాడట. కూర్చోని రోజుకు కూడా కట్టడం కష్టంగా ఉందన్నాడు. మరో ఇద్దరు చెప్పకుండానే మానేశారు. పన్నెండు బల్లలకు ముగ్గురు మిగిలారు. ఇంకోవైపు, ఒక్కరోజు కూర్చుంటాం ఎంత అని అడిగి, నెల రేటు విని, మెట్ల మీదే తిరిగిపోయేవాళ్ళు రోజుకు ఇద్దరు ముగ్గురు ఉంటున్నారు. ఖాళీ బల్లలు కనిపిస్తూనే ఉన్నాయి, మనుషులూ కనిపిస్తూనే ఉన్నారు. ఈ రెండూ ఎందుకు కలవడం లేదో హైమకు అర్థం కాలేదు.

ఆమె దుకాణంలోంచి ఒక పెద్ద గోడ క్యాలెండరు తెచ్చుకుంది. ఒక నెలపాటు అడిగినవాళ్ళందరినీ గంట లెక్కన కూర్చోనిచ్చి, ఏ రోజు ఏ పూట ఎన్ని బల్లలు నిండాయో క్యాలెండరు గడుల్లో రాసింది. తిరిగిపోయినవాళ్ళనూ వదల్లేదు. మీకు ఎన్ని రోజులు కావాలి, ఏ పూట కావాలి అని అడిగి అదీ రాసింది. ఆ నెల ఆమె తన పద్ధతులన్నీ పక్కన పెట్టిందని, అది ఆమెకు ఎంత కష్టమో తనకే తెలుసని మోహనకృష్ణ తరవాత చెబుతుండేవాడు.

నెల తిరిగేసరికి కొన్ని సంగతులు తేలాయి. పొద్దున్న ఎనిమిది నుంచి పదకొండు దాకా గది ఇంచుమించు ఖాళీ. పదకొండు నుంచి రెండు దాకా కుర్చీ దొరకదు, ఎందుకంటే పల్లెల నుంచి బస్సులు దిగేది అప్పుడే. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు కాబట్టి ఆ రోజు మధ్యాహ్నం దాకా రద్దీ. ప్రతి నెలా ఇరవయ్యో తేదీకి పన్నుల కాగితాలు వేయాలి కాబట్టి పద్దెనిమిది నుంచి మూడు రోజులు ప్రదీప్ లాంటివాళ్ళు పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా లేవరు. అన్నిటికంటే హైమను ఆశ్చర్యపరిచింది ఒకటి ఉంది. ఆమె అడిగిన నలభై మందిలో నెలంతా వస్తామన్నవాళ్ళు ఐదుగురే. ఎక్కువమంది నెలకు ఎనిమిది నుంచి పన్నెండు రోజుల మధ్య చెప్పారు. ఆమె పెట్టిన ధర ఆ ఐదుగురి కోసం పెట్టిన ధర.

అక్టోబరులో కొత్త ధరల బోర్డు పెట్టింది. ఈసారి రెండో వైపుకు పోయింది. గంటకు ఒకటి, పూటకు ఒకటి, రోజుకు ఒకటి, పది రోజులకు, నెలకు, చదువుకునేవాళ్ళకు, సోమవారానికి విడిగా ఇంకొకటి. ఎవరూ అన్యాయం అనుకోకూడదని ప్రతి ఒక్కరికీ సరిపడేది వేసింది. బోర్డు చూడమని కూర్మయ్యకు ఫోను చేసింది. అతను వచ్చి కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు నిలబడి చదివాడు.

"బస్సుల టైం బోర్డులాగున్నాదమ్మా ఇది. నా బస్సేదో నాకే తెలీడం నేదు."

ఇబ్బంది తెలియకపోవడంతో ఆగలేదు. నవంబరు ఇరవయ్యో తేదీన ప్రదీప్ పదకొండింటికి వచ్చాడు. పొద్దున్నే ఒక వ్యాపారి కొట్టుకు వెళ్ళి కాగితాలు తీసుకుని రావడంతో ఆలస్యమైంది. కిటికీ పక్క బల్ల దగ్గర గంట లెక్కన కూర్చున్న ఒక కాలేజీ పిల్లవాడు చెవుల్లో వైర్లు పెట్టుకుని పాఠాలు వింటున్నాడు. మిగతా బల్లలన్నీ నిండి ఉన్నాయి. ఆ పిల్లవాడూ డబ్బు కట్టే కూర్చున్నాడు. లేవమని చెప్పడానికి హైమకు ఏ నియమమూ లేదు, అది తను రాసుకోలేదు. ప్రదీప్ మెట్ల పిట్టగోడ మీద లాప్‌టాప్ పెట్టుకుని నలభై నిమిషాలు నిలబడే పని చేశాడు. తరవాత హైమ దగ్గరికి వచ్చాడు.

"నెల డబ్బు ముందే కట్టింది కుర్చీ కోసం కాదు మేడం. ఎప్పుడొచ్చినా నాకు చోటుంటాదన్న ధీమా కోసం. అది మీరు అమ్మినారు గాని నాకివ్వలేదు."

నెలలో మిగిలిన పది రోజులు వదులుకుని సామాను తీసుకుని వెళ్ళిపోయాడు. హైమకు ప్రదీప్ మీద కోపం వచ్చింది, కాసేపటికి పోయింది. ఆ కుర్రాడు చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

తరవాత వారంలో ఆమె చాలా కాగితాలు పాడుచేసింది. మోహనకృష్ణ పక్కన కూర్చుంటే, చెబుతున్నట్టుగా తనలో తను అనుకుంటూ పోయింది. వచ్చేవాళ్ళలో రెండు రకాలున్నారు. ఒకళ్ళకు చోటు తప్పకుండా ఉండాలి, అందుకు ఎక్కువ ఇవ్వడానికి సిద్ధం. రెండోవాళ్ళకు ఈ రోజు కాకపోతే రేపైనా ఫరవాలేదు, తాము వచ్చిన రోజుకే కట్టాలి. ఈ ఇద్దరినీ ఒకే కుర్చీలో కూర్చోబెట్టకూడదు. మిగిలిన తేడాలన్నీ చిన్నవి. చదువుకునేవాళ్ళకు విడిగా ధర అక్కర్లేదు, పొద్దున పూట తక్కువ పెడితే వాళ్ళే ఆ పూటకు వస్తారు.

చివరకు మూడే మిగిలాయి. నాలుగు బల్లలకు సొంత బల్లలని పేరు. నెలకు పద్దెనిమిది వందలు, బల్ల మీద మనిషి పేరు, ఆ మనిషి వచ్చినా రాకున్నా ఇంకొకరు కూర్చోరు. మిగతా ఎనిమిది బల్లలకు పది రోజుల కార్డు, ఆరు వందలు. వచ్చిన రోజున ఒక గడికి చిల్లు కొడతారు. మూడు నెలల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు. చోటు ఖాళీ ఉంటేనే కూర్చోవాలి. మూడోది పొద్దున్న పదకొండు లోపు వచ్చి పోయేవాళ్ళకు, పూటకు ముప్పై రూపాయలు.

కార్డు మీద పేరు రాయాలా వద్దా అన్న దగ్గర ఆమె కలం ఆగింది. పేరు రాయకపోతే ఎవరి కార్డు ఎవరైనా వాడతారు. వాడితే ఏమవుతుంది? పది రోజులకు డబ్బు ముందే వచ్చింది. ఆ పది రోజులు ఎవరు కూర్చుంటే తనకేమిటి? తవిటమ్మ ఆగస్టులో అడిగిన ప్రశ్న అదే. మూడు నెలలకు జవాబు దొరికింది, ఏమీ కాదని. హైమ పేరు కోసం గీసిన గీతను కొట్టేసింది.

అచ్చువేయించిన కార్డులు వచ్చాక రెండు కార్డులు తీసి పక్కన పెట్టింది. రెండింటికీ కలిపి ఇరవై గడులు. రెండో దానిలో మూడు గడులు సిరాతో కొట్టేసింది. పదిహేడు మిగిలాయి. తవిటమ్మ ఫోను పలకలేదు, నంబరు మార్చినట్టుంది. ఫిబ్రవరిలో ఒక ఆదివారం హైమ కళింగపట్నం బస్సెక్కింది. ఊరి పేరు, ఇంటిపేరు తప్ప ఆమెకు వేరే గుర్తులు తెలియవు. రోడ్డు మీద దిగి ఇద్దరిని అడిగి ఇల్లు పట్టుకుంది.

తవిటమ్మ కళ్ళంలో మినుములు ఎండబోస్తోంది. హైమను చూసి చేతులు దులుపుకుని నిలబడింది. లోపలి నుంచి కుర్చీ, చెంబుతో నీళ్ళు తెచ్చింది. హైమ కార్డులు తీసి చూపించి, కొత్త పద్ధతి పెట్టామని, నీకు పదిహేడు రోజులు ఇద్దామని వచ్చానని చెప్పింది.

తవిటమ్మ కార్డులు తిప్పి చూసి, గడులు లెక్కపెట్టుకుంది.

"ఇచ్చీదేటండి, ఇవి నావే కదా."

హైమ "నీవే," అంది.

"మా తోటికోడలు కూసోవచ్చా మరి?"

"కార్డు ఎవరు తెస్తే వాళ్ళు కూర్చోవచ్చు."

తవిటమ్మ తలూపి కార్డులు రవికలో దోపుకుంది. టైపు పని మానలేదని, ఊళ్ళో కరెంటున్నప్పుడు చేస్తున్నానని, గైడ్ల ఆయన ఆలస్యమైందని రెండుసార్లు డబ్బు కోశాడని చెప్పింది. ఫిర్యాదులా కాకుండా జరిగినది జరిగినట్టు చెప్పింది. హైమ తిరుగు బస్సులో కూర్చున్నాక గాని తను క్షమించమని అడగలేదన్న సంగతి గుర్తు రాలేదు. అడగడానికే వెళ్ళింది. రెండు వారాల తరవాత తవిటమ్మ, ఆమె తోటికోడలు వంతులవారీగా రావడం మొదలుపెట్టారు. ఆ అమ్మాయి పేరూ హైమే కావడంతో గదిలో ఆమెను చిన్న హైమ అనేవారు. ప్రదీప్ దగ్గరికి కూడా హైమ స్వయంగా వెళ్ళింది. అతను రెండు నెలలు చూస్తానని చెప్పి ఒక సొంత బల్ల తీసుకున్నాడు. కూర్మయ్యకు పది రోజుల కార్డు వివరించాల్సిన అవసరమే రాలేదు.

ఆ ఏడాది సాఫీగానే నడిచింది. అక్టోబరు పదకొండున తిత్లీ తుపాను వచ్చింది. శ్రీకాకుళం ఊళ్ళో కరెంటు త్వరగానే వచ్చింది గాని పలాస, వజ్రపుకొత్తూరు, సంతబొమ్మాళి వైపు స్తంభాలన్నీ నేల మీద పడ్డాయి. జీడితోటలు, కొబ్బరితోటలు పోయాయి. కూర్మయ్య ఆ వైపు ఊళ్ళకు వెళ్ళి తొమ్మిది రోజులు కనిపించలేదు.

దసరా అయిన రెండో రోజు, శనివారం, ఇరవయ్యో తేదీ. పొద్దున్న పదిన్నరకు కూర్మయ్య ఒక వ్యానులో పద్దెనిమిది మందిని తీసుకుని దిగాడు. భావనపాడు, ఆ చుట్టుపక్కల పల్లెల వాళ్ళు. ఇళ్ళ కప్పులు లేచిపోయి బీమా బాండ్లు, పాస్‌బుక్కులు, ఆధార్లు అన్నీ తడిసి ముద్దయ్యాయి. కొందరు వాటిని ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి తెచ్చారు, విప్పితే పొరలుగా ఊడివస్తున్నాయి. నకళ్ళ కోసం అర్జీలు రాయాలి, ఫారాలు నింపాలి, ఉన్నంతలో కాగితాలు స్కాన్ చేయాలి. వాళ్ళ ఊళ్ళో కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయి ఉన్నాయి. కూర్మయ్యకు ఆ రోజుకు ఎన్ని బల్లలు వీలైతే అన్ని కావాలి.

ఎనిమిది మామూలు బల్లల్లో ఆరు నిండి ఉన్నాయి. సొంత బల్లల్లో ముగ్గురు ఆ రోజు రాలేదు, ప్రదీప్ వచ్చాడు. హైమ ఆ ముగ్గురికీ ఫోను చేసి అడిగింది. ఇద్దరు సరేనన్నారు, మూడో ఆయన ఫోను ఎత్తలేదు. ఎత్తలేదు కాబట్టి ఆ బల్ల ముట్టుకోలేదు. ప్రదీప్‌ది గదిలో అన్నిటికంటే పెద్ద బల్ల. హైమ వెళ్ళి అతన్ని అడిగింది, సగం వదలగలవా అని. అతను మెట్ల వైపు ఒకసారి చూశాడు. అక్కడ ఒక ముసలామె తడి కాగితాలు ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చుని ఉంది.

"ఈ రోజు కాదు మేడం," అన్నాడు. "ఇంకా నలభై మందివి వెయ్యాల. ఒక్కటి తప్పినా ఆళ్ళకి జరిమానా పడతాది."

హైమ రెండోసారి అడగలేదు. ఆమెకు అతని మీద చిరాకు కలగకపోలేదు. అయినా ఆ బల్ల నీదేనన్న మాట అతనికి ఇచ్చింది తనే. కిందికి వెళ్ళి భర్తకు చెప్పింది. మోహనకృష్ణ దుకాణం వెనక గదిలో నోటు పుస్తకాల కట్టలు గోడకు జరిపించి చాపలు పరిపించాడు. కొంతమంది కట్టల మీదే కూర్చున్నారు. ఫోన్లన్నీ తీసుకుని మేడ మీద ప్లగ్గులకు పెట్టారు.

ఆ రోజు వంతు తవిటమ్మది. ఆమె తన పని ఆపి, కూర్మయ్య చెబుతుంటే బాండు నకలు కోసం అర్జీ ఒకటి టైపు చేసింది. పేరు, ఊరు, పాలసీ నంబరు మార్చి మిగతాది అలాగే ఉంచితే ఒక్కొక్కటి ఐదు నిమిషాల్లో అయిపోతోంది. చదువురానివాళ్ళకు చదివి వినిపించి వేలిముద్రలు వేయించింది. మూడింటి దాకా లేవలేదు. వెళ్ళేటప్పుడు కార్డు తీసి ఇస్తే, ఈ రోజుకు చిల్లు వద్దులే అంది హైమ.

"కూసున్నాను కదండి. కొట్టండి," అంది తవిటమ్మ. హైమ కొట్టింది.

కూర్మయ్య కూడా అంతే. ఎంత ఇవ్వాలని అడిగాడు. ఏమీ వద్దంటే ఒప్పుకోలేదు. ఊరికే అంటే వీళ్ళు మొహమాటపడి రెండోసారి రారని, ఇంకా రెండు మూడుసార్లు తీసుకురావలసి ఉందని చెప్పాడు. ఒక్క మనిషికి ఒక్క రోజుకు ఎంతో అంత, తన కార్డులోంచి ఒక గడి కొట్టమన్నాడు. వచ్చింది ఎంతమందైనా ఒక గడే. హైమ అదే చేసింది.

సాయంత్రం ఐదింటికి ప్రదీప్ పని ముగించి దిగుతూ కౌంటరు దగ్గర ఆగాడు. రేపటి నుంచి నాలుగు రోజులు తను రానని, తన బల్ల వాళ్ళకు ఇవ్వమని చెప్పాడు. హైమ సరేనంది. నాలుగు రోజులకు డబ్బు తగ్గిస్తానంది. అతను "మీ ఇష్టం" అని వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే బోర్డుకు రెండు వరసలు చేరాయి. సొంత బల్ల ఉన్నవాళ్ళు ఫలానా రోజు రామని ముందే చెబితే ఆ బల్ల ఇంకొకరికి ఇస్తారు, ఆ రోజు వచ్చే నెలలో తగ్గుతుంది. రెండోది, ఊరికి ఆపద వచ్చినప్పుడు కార్డుల గడువు ఆగిపోతుంది. తిత్లీకి హైమ రెండు నెలలు ఆపింది. తుపాను దెబ్బ తిన్న ఉద్దానం వైపు నుంచి వచ్చే సభ్యులు పదకొండుమంది ఉంటే డిసెంబరు తరవాత తొమ్మిదిమంది తిరిగి వచ్చారు. మిగతా ఇద్దరిలో ఒకరు కూలికి చెన్నై వెళ్ళారని తెలిసింది. ఇంకొకరి సంగతి తెలియలేదు.

2019 చివరికి ఆ మేడ మీద పన్నెండు బల్లలకు ముప్పై నలుగురు సభ్యులుండేవారు. నెట్ సెంటరు బాగా నడిచిన రోజుల్లో వచ్చినంత రాబడి ఎప్పుడూ రాలేదు. ఖర్చులు పోను ఒక గుమాస్తా జీతమంత మిగిలేది. హైమకు అది చాలనిపించింది. ఆ ఏడాది వేసవిలో తవిటమ్మ, చిన్న హైమ కలిసి ఒక సొంత బల్ల అడిగారు. ఒకే బల్ల, ఇద్దరి పేర్లు, పొలం పనులున్న రెండు నెలలు మాత్రం కట్టరు. బోర్డు మీద అలాంటి ధర లేదు. హైమ మూడు రోజులు గడువు అడిగి, కాగితం మీద వేసి చూసుకుని, పది నెలలకు కొంచెం ఎక్కువ, రెండు నెలలకు ఏమీ లేదు అని చెప్పింది. తవిటమ్మ ఎంత ఎక్కువో విని, అందులో యాభై తగ్గించమంది.

హైమ జీవితంలో మొదటిసారి బేరానికి ఒప్పుకుని ఇరవై ఐదు తగ్గించింది. ఈ సంగతి కింద ఒకటే ధరకు అమ్మే మోహనకృష్ణకు ఆమె చాలా రోజుల దాకా చెప్పలేదు.